పుస్తకానికి వకాలత్

నేను అచ్చులో చూసుకున్న మొట్టమొదటి పుస్తక సమీక్షలో, చనిపోయిన ఒక ముసలమ్మ లేచి కూర్చుని పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేసింది. చేసి ఊరుకోలేదు, ఇంటిల్లిపాదికీ వడ్డించింది. ఆ తర్వాత తీరిగ్గా వెళ్లి శవపేటికలో పడుకుంది. ఈ అద్భుతం ఆ నవల రాసినావిడ చేసింది కాదు. పూర్తిగా నా ఘనకార్యం. నా పేరు సుదర్శనం. మంచి చూపు అని అర్థమట. ఆ పేరు పెట్టిన మా తాతకు ముందుచూపు లేదనడానికి ఈ ఒక్క సంగతి చాలు.

మొన్న ఒక లెక్చరరమ్మాయి మా ఇంటికి వచ్చింది. భుజాన సంచి, సంచిలో ఇంకా కొత్త కాగితం వాసన పోని పుస్తకాలు. ఏదో పత్రిక వాళ్లు వాటన్నిటికీ వారం తిరక్కుండా సమీక్షలు కావాలన్నారట. "సార్, ఒక పుస్తకం మీద రాయాలంటే ఎన్ని పేజీలు చదివితే సరిపోతుంది?" అని అడిగింది. పాపం, దాపరికం లేకుండా అడిగింది. నాకు నవ్వు రాలేదు, భయం వేసింది. ఆమె వయసులో నేను ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. జవాబు నాకు తెలుసనుకున్నాను, అంతే తేడా. ఆమెకు అనంతరావు వకీల్ సాబ్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. రెండో చాయ్ అయ్యేసరికి ఆమె బస్సు వేళయింది. చెప్పకుండా మిగిలిందంతా ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మేం దబీర్‌పురాలో రైలు పట్టాల పక్కనే ఉండేవాళ్లం. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన రైల్వేలో గేట్‌మన్. బండి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో సిబ్బి గిన్నెలతో మాట్లాడేది, గిన్నెలు గోడతో మాట్లాడేవి. ఆ చప్పుడులోనే చదివి బీయే పాసయ్యాను కనుక, నాకు నిశ్శబ్దంగా ఉన్న చోట అక్షరం ఎక్కేది కాదు. పాసైన మర్నాటి నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ తిరిగి, చివరికి నయాపూల్ కోర్టులో అనంతరావు వకీల్ సాబ్ దగ్గర గుమాస్తాగా కుదిరాను. పగలు ఆయన కాగితాలకు నకళ్లు రాయడం, సాయంత్రం గౌలిపురాలోని ఆయన ఇంటికి ఫైళ్లు మోయడం నా పని. ఆయనకు వకాలత్ జీవనాధారం, సాహిత్యం జీవితం. ఇంటి ముందుగదిలోంచి ఒక తెలుగు మాసపత్రిక నడిపేవారు. దానికి ఒక పేరు ఉండేది గానీ, పాతబస్తీలో 'వకీల్ సాబ్ పత్రిక' అంటేనే అందరికీ తెలిసేది. ప్రూఫులు చూడటం కూడా నాకే వచ్చింది. జీతం ఒకటే, తప్పులు మాత్రం రెండు చోట్లా చేసే వీలు కలిగింది.

ఆ ముందుగది వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది. కాగితాలు అంటించే మైదా లై వాసన, పాత ఫైళ్ల దుమ్ము, మేకుకు వేలాడే నల్లకోటులోంచి వచ్చే చెమట, అత్తరు కలిసిన ఒక పెద్దమనిషి వాసన, వాటన్నిటి మీదుగా లోపలి నుంచి ఉల్లిగడ్డ వేగే వాసన. వకీల్ సాబ్‌కు ఒక అలవాటు ఉండేది. సమీక్షకు వచ్చిన పుస్తకం ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవారు. కోర్టు నుంచి వచ్చి కాళ్లు కడుక్కోకుండా అన్నానికి కూర్చున్న రోజులున్నాయి గానీ, చేతులు కడుక్కోకుండా పుస్తకం తెరిచిన రోజు లేదు. ఆయన భార్య రాజమణమ్మగారు దీని మీద రోజూ ఒక మాట విసిరేది. "నా చేతి బువ్వకు లేని మర్యాద గా కాయిదాలకున్నది" అనేది. "బువ్వ నువ్వు మల్ల వండుతవు. గాయన ఇంకో కితాబు రాస్తడో లేదో" అనేవారు ఆయన, తుండుతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున పేషీ. కోర్టులో కేసు విచారణకు వచ్చే రోజును పేషీ అంటారు కదా, ఈ ఇంట్లో పుస్తకం విచారణకు వచ్చేది. సమీక్ష రాయబోయే మనిషి మొదట ఆ పుస్తకం తరఫున వకాలత్ పుచ్చుకోవాలి. అంటే, ఆ రచయిత ఏం చెప్పదలచుకున్నాడో, ఎందుకు అట్లాగే చెప్పదలచుకున్నాడో, రచయితే నిలబడి చెప్పుకున్నట్టు చెప్పాలి. నచ్చకపోయినా సరే. తర్వాత ఇంకొకరు అవతలి వకీలుగా లేచి తప్పులు పట్టేవారు. రచయిత ఊళ్లో ఉంటే పిలిపించి గోడవారగా బల్ల మీద కూర్చోబెట్టేవారు. ఆయన నోరు తెరవకూడదు. చివరికి వకీల్ సాబ్ ఆయన వైపు తిరిగి, "ఇగ మీరు మాట్లాడొచ్చు. మావాడు మీ దిక్కు నుంచి సరిగ్గ చెప్పిండా?" అని అడిగేవారు. ఆయన అవునంటేనే సమీక్షకుడికి కలం పట్టే హక్కు. కాదంటే మళ్లీ వచ్చే ఆదివారం. తీర్పు మాత్రం ఎప్పుడూ చెప్పేవారు కాదు. "తీర్పు చదివేటోళ్లది. మనం గవాయిలం" అనేవారు. గవాయి అంటే సాక్షి. అప్పటికి నేను కోర్టులో చూసిన సాక్షులంతా అద్దెకు వచ్చినవాళ్లే కనుక, ఆ మాట గొప్పతనం నాకు వెంటనే ఎక్కలేదు.

ఒకసారి రిటైరైన ఒక కంపౌండర్ వాన మీద రాసిన పద్యాల పుస్తకం పేషీకి వచ్చింది. ఛందస్సు కుంటుతూ, ప్రాస దగ్గుతూ, పుస్తకమంతా ఒక జనరల్ వార్డులా ఉంది. ఎవరూ వకాలత్‌కు ముందుకు రాలేదు. అందరం పెదవులు బిగబట్టి నవ్వుకుంటుంటే వకీల్ సాబే లేచారు. "గీ పుస్తకంల ఉన్నది, ఇంకో పుస్తకంల లేనిది ఏంది? గది వెతుకుదాం" అని పేజీలు తిప్పి, ఒక్క పాదం దగ్గర ఆగారు. వాన పడితే దవాఖానా వరండాలోని చెప్పులన్నీ లోపలికొస్తాయి అని ఉందక్కడ. దాన్ని మెల్లగా రెండుసార్లు చదివారు. "ఎవరి చెప్పులు? లోపల మంచం మీద పన్నోళ్లను చూడవచ్చినోళ్లయి. తడవనియ్యకుంట ఎవరు తెచ్చిండ్రు? గీ కంపౌండర్ తెచ్చిండు. చెప్పులు మోసినోడే గీ ముక్క రాస్తడు" అన్నారు. బల్ల మీద ఆ ముసలాయన తల దించుకుని తన చేతులు చూసుకున్నాడు. ఆ తర్వాత వకీల్ సాబ్ ఛందస్సు తప్పులన్నీ ఒక్కటి కూడా వదలకుండా చెప్పారు. ముసలాయన ప్రతి తప్పుకూ తల ఊపాడు. ముందు మనిషిని చూశారు కనుక, ఆ తర్వాత ఏం చెప్పినా ఆయనకు తన గురించే చెబుతున్నట్టు ఉంది. అది అర్థం చేసుకోవలసినంత వయసు నాకుంది. అర్థం చేసుకున్నానని అనుకోవలసినంత పొగరు కూడా ఉంది.

అట్లాంటి రోజుల్లో వకీల్ సాబ్ కూతురి పురుడని భార్యాభర్తలిద్దరూ కరీంనగర్ వెళ్లారు. వెళ్తూ సంచిక నా చేతిలో పెట్టారు. "అన్ని ఉన్నయి. నువ్వు ప్రెస్సుకు ఇచ్చుడే ఉన్నది. ఫికర్ జెయ్యకు" అన్నారు. నేను ఫికర్ చెయ్యలేదు, అదే వచ్చిన చిక్కు. సంచికలో చివర ఒక పేజీ ఖాళీగా మిగిలింది. బల్ల మీద ఒక కొత్త నవల ఉంది, పేరు 'గిర్నీ వెనుక ఇల్లు'. రాసినావిడ ఎస్తేరమ్మ. చాంద్రాయణగుట్టలో ఉండేది, ఒక బడిలో టీచరు, ఇదే మొదటి పుస్తకం. పిండిగిర్నీ వెనుక ఒక గదిలో బతికిన కుటుంబం కథ. పేషీ పెట్టే పెద్దమనిషి ఊళ్లో లేడు కదా, నేనే వకీలునూ, జడ్జీనీ, అవసరమైతే తలారినీ అయిపోయాను.

ఆ పుస్తకాన్ని నేను ఎట్లా చదివానంటే, కోర్టు ఎదుటి హోటల్లో ఒక చేత్తో సమోసా, ఒక చేత్తో ఎర్రపెన్సిల్ పట్టుకుని చదివాను. అంటే పుస్తకం పట్టుకోవడానికి చెయ్యే మిగలలేదు. అది బల్ల మీద వెల్లకిలా పడి ఉంది, నేను పైనుంచి చూస్తున్నాను. తప్పు కోసం వెతికేవాడికి తప్పు దొరక్కపోవడం ఉండదు. నాకు మూడు దొరికాయి. ఒకటి, చిన్నపిల్లగా ఉన్న మనుమరాలు పేజీ మారేసరికి పెళ్లీడుకొచ్చింది. రెండు, ఇంటి పెద్ద అవ్వ చనిపోయి, మరుక్షణం పొయ్యి ముందు రొట్టెలు చేసింది. మూడు, అదే అవ్వ కాసేపటికి నవ్వుతూ నవ్వుతూ ఏ కారణమూ లేకుండా ఏడ్చింది. ఇంకేం కావాలి, ఖాళీ పేజీ నింపేశాను. ఆ రాత చూసుకుని నాకే ముచ్చటేసింది. "రచయిత్రి దయామయి, తన పాత్రలను చావనివ్వదు" అన్నాను. "గిర్నీలో జొన్నలతో పాటు కథ కూడా పిండి అయింది" అన్నాను. సమీక్షలో శిక్ష ఉందన్న సంగతి నేనొక్కణ్ణే కనిపెట్టినట్టు సంబరపడ్డాను.

సంచిక వచ్చింది. హోటల్లో ఎవరో గట్టిగా చదివితే బల్లలన్నీ నవ్వాయి. బాపు గేటు దగ్గర ఆగినవాళ్లందరికీ నా పేరున్న పేజీ చూపించాడు. బండి వెళ్లిపోయినా గేటు తెరవకుండా చూపించాడని ఎవరో ఫిర్యాదు కూడా చేశారు. నేను జుట్టు దువ్వుకునే తీరు మార్చాను.

వకీల్ సాబ్ తిరిగొచ్చిన పూట నేను ఫైళ్లతో వెళ్లేసరికి ఆయన ఆ పేజీ చదువుతున్నారు. కోప్పడతారని సిద్ధపడ్డాను, ఒక మూల మెచ్చుకుంటారని కూడా ఆశ. రెండూ జరగలేదు. కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నారు.

"గీమె రాసిన మాట ఒక్కటన్న ఉన్నదా బిడ్డా నీ రాతల?"

"అంటే సార్..."

"అన్నీ నీ మాటలే ఉన్నయి. మంచిగున్నయి. నవ్వొచ్చింది. ముద్దాయి మాట ఒక్కటి లేదు." సంచిక మడిచి పక్కన పెట్టారు. "వచ్చే ఆదివారం పేషీ. టీచరమ్మను నువ్వే పోయి పిలుచుకొని రా. వకాలత్ నీదే."

మర్నాడు సాయంత్రం సైకిల్ మీద చాంద్రాయణగుట్ట వెళ్లాను. అప్పటికి అక్కడ ఇప్పటి హోరు లేదు. రోడ్డు పక్కన సున్నం వేసిన చిన్న ఇల్లు, గడప మీద శిలువ గుర్తు, వాకిట్లో ఆరేసిన జొన్నలు. ఎస్తేరమ్మ టీచర్ నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. చాట పట్టుకుని రాళ్లు ఏరుతోంది. నా పేరు చెప్పగానే చేతులు ఆగిపోయాయి. అయినా లేచి, పీట వేసి, మంచినీళ్లు ఇచ్చింది. ఆ నీళ్లు తాగడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

"మస్తు రాసినవు తమ్మీ" అంది. వెటకారం లేదు గొంతులో. "మా బడిల అందరు చదివిండ్రు. పొద్దున పోతే చాలు, 'ఎస్తేరమ్మా, మీ అవ్వ ఇయ్యాల రొట్టెలు చేసిందా' అంటున్నరు. పోరగాండ్లు సుత అంటున్నరు."

"కథ గదక్కా, అందులో..." అని ఏదో అనబోయాను.

"కథ కాదు. మా అవ్వనే. మా అమ్మ నన్ను కని సచ్చిపోయింది. అవ్వనే సాకింది, గా గిర్నీ ఎనుక. ఆమె సచ్చినంక ఆమె లెక్క ఒక్క మనిషి ఉండెనని ఎవలకన్న తెల్వాలెనని రాసిన. ఇగ ఇప్పుడు అందరికి తెలిసింది." చాటలో జొన్నలు ఒకసారి ఎగరేసి పట్టింది. "రెండోది సగం రాసిన. మూట గట్టి అటక మీద వడేసిన. ఇగ రాయ."

ఆదివారం రమ్మన్నారని నసుగుతూ చెప్పాను. రానంది. నేను సైకిల్ స్టాండు తీస్తుంటే వెనక నుంచి పిలిచింది. "వస్తా. ఒక్కటి అడగనీకె వస్తా. నా పుస్తకం మొదటి సంది మల్ల మల్ల చదివిన తమ్మీ. మా అవ్వ ఏడ లేసిందో నాకు దొరుకుతలేదు. నువ్వు చూపియ్యాలె."

సిగ్గు విడిచి చెబుతున్నాను, దారిపొడుగునా నేను అనుకున్నది ఏమిటంటే, రాసినావిడకే తను రాసింది తెలియదు, ఇట్లాంటివాళ్లు పుస్తకాలు రాయకపోతే ఏం పోయింది అని.

ఆదివారం ముందుగది నిండింది. హోటల్లో నవ్విన వాళ్లంతా వచ్చారు. రాజమణమ్మగారు లోగడప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఎస్తేరమ్మ టీచర్ తెల్లచీర కట్టుకుని, తన పుస్తకం ఒళ్లో పెట్టుకుని, గోడవార బల్ల మీద కూర్చుంది. నేను పత్రికకు వచ్చిన ప్రతి పట్టుకుని నిలబడ్డాను. అవ్వ చావు దగ్గర నుంచి పైకి చదవమన్నారు వకీల్ సాబ్. టీచరమ్మ చేతిలోని పుస్తకం అడిగి తీసుకుని, తాను వెంట వెంట చూడసాగారు.

"అవ్వ చెయ్యి చల్లబడ్డది. పెద్దకోడలు" అని పక్క పేజీకి వచ్చి, "పొయ్యి ఎగదోసింది. అవ్వ రొట్టె మీద నీళ్లు చల్లుకుంట" అని చదివాను. గది నవ్వింది.

"గట్ల లేదు!" టీచరమ్మ లేచి నిలబడింది. "నేను గట్ల రాయలే!"

"కూసో బిడ్డా. మాట్లాడొద్దు" అన్నారు వకీల్ సాబ్. ఆయన కళ్లు పుస్తకం మీదే ఉన్నాయి. "సుదర్శనం, నువ్వు చదివిన పేజీ నంబరెంత?"

"ఎనభై సార్."

"దాని పక్కది?"

పేజీ కింద మూలన చూశాను. మళ్లీ చూశాను. చెవుల్లో దబీర్‌పురా గేటు దగ్గర బండి వెళ్తున్న చప్పుడు. "నలభై తొమ్మిది" అన్నాను.

సంగతి ఇదీ. పుస్తకం పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. వాటిని వరసగా పేర్చి కుట్టడం బైండింగువాళ్ల పని. నాకు వచ్చిన ప్రతిలో రెండు ఫారాలు తారుమారుగా కుట్టారు. ముందు రావలసిన పదహారు పేజీలు వెనక్కీ, వెనకవి ముందుకూ పోయాయి. అందుకే మనుమరాలు ఒక్క పేజీలో ఎదిగింది, అవ్వ పోయాక రొట్టెలు చేసింది. నా మూడు నేరారోపణలకూ ముద్దాయి ఒక సూదీ, ఒక దారం. తర్వాత బైండింగు చేసిన జహంగీర్ భాయ్‌ను అడిగితే, "మియా, ఎప్పుడో ఒక కితాబు గిట్ల అయితది. గది మీ నసీబుల వడ్డది. కానీ పేజీ మీద నంబర్ డాల్తే హై నా, పఢ్‌నేవాలా దేఖ్‌నేకే లియే?" అన్నాడు. ఏ భాషలో చెప్పుకున్నా అర్థం ఒకటే: పేజీ మీద అంకె వేసేది చదివేవాడు చూసుకోవడానికే కదా అని.

ఈసారి గది నవ్వింది నా మీద. రాజమణమ్మగారు చిక్కుడు తొక్క చేత్తో పట్టుకునే, "అగో, అవ్వను లేపినోడు నువ్వేనారా సుదర్శనం! మంచిగ పండుకున్నదాన్ని లేపి రొట్టెలు చేపిచ్చినవు" అంది. టీచరమ్మ నా చేతిలోంచి నా ప్రతి తీసుకుంది. నలభై ఎనిమిది, అరవై అయిదు, ఎనభై, నలభై తొమ్మిది, ఒక్కొక్క మూలా వేలు పెట్టి చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. "ఎంత ఎతికిన తమ్మీ" అంది, అంతే.

కుట్టు తప్పని తేలాక నాకు ప్రాణం లేచొచ్చింది. "బైండింగు మిస్టేక్ సార్" అన్నాను, కాస్త ధైర్యంగా.

"గది బైండింగోని మిస్టేక్" అన్నారు వకీల్ సాబ్. గొంతు పెంచలేదు. "నీ మిస్టేక్ ఏరే ఉన్నది. సచ్చినామె రొట్టెలు చేస్తుంటే నీకు అనుమానం రావాలె. వచ్చింది. ఎవరి మీద వచ్చింది? రాసినామె మీద. నీ మీద రాలే, నీ చేతుల ఉన్న కాయిదం మీద రాలే. అవ్వ చెయ్యి చల్లబడ్డది అని గంత తక్కువ మాటలల్ల చెప్పిన మనిషికి, సచ్చినోళ్లు లెవ్వరని తెల్వదా? ఎనభై పేజీలు తెలివిగ రాసినామె పక్క పేజీల పిచ్చిదైతదా? కితాబుల ఏదన్న వింతగ కనవడితే, మొదలు నీ కన్ను తుడుచుకో. రెండోసారి చదువు. అప్పటికీ వింతగనే ఉంటే అడుగు. తప్పని రాసుడు ఆఖరికి." టీచరమ్మ పుస్తకం నా చేతికిచ్చారు. "పేషీ అయిపోలే. ఇందుల చదువు. ఎనభై నుంచి."

చదివాను. "అవ్వ చెయ్యి చల్లబడ్డది. పెద్దకోడలు" అని పక్క పేజీకి వచ్చాను. ఎనభై ఒకటో పేజీ మొదటి వాక్యం ఇట్లా ఉంది: "పెంక మీది రొట్టె మాడకుంట తిప్పేసి, అప్పుడు ఏడ్చింది."

నా ప్రతిలో ఈ వాక్యం నవ్వుతున్న అవ్వకు అతుక్కుంది. కారణం లేకుండా ఏడ్చిందని నేను ఎద్దేవా చేసింది దీన్నే. ఇప్పుడు దాని చోట అది ఉంది. ఒక జీవితమంతా ఆ ఇంట్లో రొట్టె మాడటమంటే ఏమిటో ఆ కోడలికి నేర్పిన మనిషి పక్కనే చనిపోయి ఉంది. కోడలు ముందు రొట్టె తిప్పింది. ఏడుపు రెండోది. ఆ అవ్వకు ఇవ్వగలిగిన మర్యాద అంతకంటే ఇంకేముంటుంది? దాన్ని పదిమంది ముందు నా నోటితో చదివాక గానీ నాకు తెలియలేదు. గదిలో చిక్కుడుకాయలు వలిచే చప్పుడు ఆగిపోయింది. హోటల్లో నవ్వినవాళ్లు కింద చాప చూస్తున్నారు. వకీల్ సాబ్ కళ్లద్దాలు తీశారు, ఈసారి తుడుచుకోలేదు, అట్లాగే చేతిలో పట్టుకున్నారు. ఇన్నేళ్లలో ఎన్నో పెద్ద పుస్తకాల ముందు తల వంచాను. ఒక వాక్యం ముందు భయం లాంటి భక్తి కలగడం మాత్రం ఆ రోజే మొదలు. అంత వాక్యాన్ని సమోసా నూనె వేళ్లతో దాటి వెళ్లిపోయిన వాణ్ణి నేనే అని తెలియడం కూడా ఆ రోజే.

ఆ పూట మొదటి పేజీ నుంచి చివరిదాకా నేనే చదివాను. రాజమణమ్మగారు మధ్యలో అందరికీ అన్నం పెట్టింది, మళ్లీ చదివాను. ఎవరూ లేచి వెళ్లలేదు. అంతా అయ్యాక పుస్తకం తరఫున మాట్లాడాను. తడబడ్డాను, అయినా మాట్లాడాను. మధ్య అధ్యాయాలు సాగాయనీ, గిర్నీ యజమాని పాత్ర తేలిపోయిందనీ కూడా చెప్పాను, వకీల్ సాబ్ చెప్పమన్నారు గనుక. టీచరమ్మ ఆ మాటలకు తల ఊపి, "గాయన గురించి నాకు సుత సరిగ్గ తెల్వది తమ్మీ, అందుకే గట్లయింది" అంది. తర్వాతి సంచికలో కొత్త సమీక్ష వచ్చింది, మొదటిది ఎట్లా పుట్టిందో కూడా అందులోనే రాశాను. హోటల్లో ఈసారి కూడా బల్లలు నవ్వాయి, కానీ చాలామంది ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. అయితే నేను ఎదురుచూసింది అది కాదు. కొన్నాళ్లు పోయాక ఒక ఆదివారం టీచరమ్మ అదే తెల్లచీరలో వచ్చి, ఒక కాగితాల మూట నా ముందు పెట్టింది. మూట మీద అటక దుమ్ము ఇంకా ఉంది. "సగమే ఉన్నది. ముందుగాల్ల నువ్వే చదువు" అంది. నేను లేచి పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కున్నాను. వకీల్ సాబ్ చూశారు గానీ చూడనట్టు ఫైలులో తల పెట్టారు.

ఇప్పుడు పుస్తకాలు నా దగ్గరికి ఫోనులో వస్తున్నాయి. చేతులు కడుక్కుని ఫోను ముట్టుకుంటే అది పాడవుతుంది. సమీక్షలు నాలుగు వాక్యాల్లో ముగుస్తున్నాయి, ఒకటి పొగడ్త, ఒకటి సామెత, ఒకటి శుభాకాంక్ష, ఒకటి పుస్తకం దొరికే చోటు. తిట్టేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకు నా అప్పటి కుర్రతనమంతా ఉంది. వాళ్ల మీద నాకు కోపం లేదు. నా మాట నమ్మండి, ఆ ఎర్రపెన్సిల్ రుచి నాకు తెలుసు. లేనిదల్లా రాసినవాళ్లను గోడవారగా కూర్చోబెట్టి, వాళ్ల ముఖం చూస్తూ వాళ్ల వాక్యం పైకి చదివించే ఒక ముందుగది. ముఖం చూస్తే సగం చమత్కారాలు గొంతులోనే ఆగిపోతాయి. మిగిలిన సగంలో నిజం ఉంటే, అది రాసినవాళ్లకూ పనికొస్తుంది. లెక్చరరమ్మాయికి వెళ్తూ వెళ్తూ ఇదొక్కటే చెప్పగలిగాను. ఆమె తన సంచి వైపు ఒకసారి చూసి, "అయితే వారంలో ఒకటే అవుతుంది సార్" అంది. ఒకటే అవుతుందమ్మా అన్నాను.

వకీల్ సాబ్‌కు నేను రుణపడ్డాను, అందులో సందేహం లేదు. కానీ ఆ ఆదివారం పదిమందిలో నన్ను "నలభై తొమ్మిది" అనిపించిన సంగతి మనసులో ఒక మూల అట్లాగే ఉండిపోయింది. భక్తి వేరు, కచ్చ వేరు. రెండూ ఒక గదిలో ఉండగలవని నా అనుభవం.

కొన్నేళ్ల తర్వాత ఆయన కోర్టు మానుకున్నారు. ఆ తీరికలో, ఎవరికీ చెప్పకుండా ఒక చిన్న పుస్తకం అచ్చువేయించారు. కోర్టు వరండాలో పేషీ కోసం ఎదురుచూసే మనుషుల గురించి రాసిన ముచ్చట్లు. చుట్టాలకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు, పత్రికలో మాట కూడా రాయలేదు. రాజమణమ్మగారే చీర కొంగులో దాచి ఒక ప్రతి నాకు చేరవేసింది. చేతులు కడుక్కునే చదివాను. చదివి ఎస్తేరమ్మ టీచర్ దగ్గరికి పట్టుకుపోయాను. అప్పటికి ఆమె మూడు నవలలు రాసిన మనిషి. ఇద్దరం కలిసి ఆలోచించి, ఆదివారం భోజనానికని ఆ దంపతులను చాంద్రాయణగుట్టలో టీచరమ్మ ఇంటికి పిలిపించాం. ఆయన లోపలికి అడుగుపెట్టేసరికి గది నిండా మనుషులు, గోడవారగా ఒక బల్ల.

"ఏందిరా గిది?" అన్నారు.

"పేషీ సార్" అన్నాను. "మీ కితాబుది. వకాలత్ నాది. జడ్జి టీచరమ్మ."

"నా దానికెందుకురా గీ లొల్లి! గదేమన్న పుస్తకమా, ఏదో..."

"మాట్లాడొద్దు సార్" అంది టీచరమ్మ, బడిపిల్లలతో అన్నట్టు. "కూసోండ్రి."

కూర్చున్నారు. నేను మొదలుపెట్టాను. తొందరపడలేదు. ఒక్కొక్క ముచ్చటా పైకి చదివాను, ఒక్కొక్క వాక్యం దగ్గరా ఆగాను. ఎవరిదో బెయిలు కోసం కొత్త గాజులు వేసుకుని వచ్చి రోజంతా నిలబడ్డ పిల్ల గురించి ఆయన రాసింది చదివినప్పుడు, ఆ ముక్క మెల్లగా రెండోసారి కూడా చదివాను, అది నటన కాదు. ఇంత చూసిన మనిషి ఇన్నాళ్లూ మా రాతలకే చెవొగ్గి, తన మాట మాకు చెప్పలేదేమని కోర్టును అడిగాను. ఆయన నోరు తెరిచారు. టీచరమ్మ వేలు చూపించింది. మూసుకున్నారు. కళ్లద్దాలు తీశారు, పెట్టుకున్నారు, ఒకసారి పైకప్పు చూశారు, ఒకసారి చెప్పుల వైపు చూశారు. అవతలి పక్షం వాదన కూడా నేనే చేశాను. వకీలు కనుక ప్రతి ముచ్చటలోనూ చివర ఒక వాక్యం ఎక్కువ చెప్పారనీ, అది కొట్టేస్తే బాగుండేదనీ అన్నాను. దానికి ఎదురు చెప్పాలని ఆయన ప్రాణం ఎంత కొట్టుకుందో మెడ నరాల్లో కనిపించింది. రాజమణమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "పెండ్లయిన సంది గిట్ల సప్పుడు లేకుంట కూసున్నది ఇయ్యాలనే" అని పక్కావిడతో అనడం అందరికీ వినిపించింది.

నా వాదన అయిపోయింది. టీచరమ్మ లోపలి నుంచి చాయ్ తెప్పించింది. అందరికీ కప్పులు అందాయి. ఇక జడ్జి 'ఇగ మీరు మాట్లాడొచ్చు' అని ఆ ఒక్క మాట అంటే ఆయన నోరు తెరవవచ్చు. వకీల్ సాబ్ బల్ల చివరికి జరిగి, కప్పు ముట్టుకోకుండా, టీచరమ్మనే చూస్తున్నారు. టీచరమ్మ నా వైపు చూసింది, అననా అన్నట్టు. నేను చాయ్ మస్తు వేడిగా ఉన్నట్టు ఊదుకుంటూ, మెల్లగా, ఒక్కొక్క గుక్కే తాగుతూ కూర్చున్నాను.